జమీందారు గారి కొత్త మాట

సముద్రం పక్కనున్న ఒక జమీందారీలో జగన్నాథ భూపతి అనే జమీందారుకు ఇంగ్లీషు పిచ్చి పట్టుకుంది. ఒక దొరను కొలువులో పెట్టుకుని, రోజూ ఎవరూ వినని మాటొకటి నేర్చుకునేవాడు. మనవితో వచ్చినవాళ్ళు ముందు ఆ మాటకు అర్థం చెప్పాలి. చెప్పలేకపోతే వచ్చిన దారినే పోవాలి.

పడవలు దించే రేవుకు ఆయన మనుషులు అడ్డంగా కంచె కట్టేశారు. చేపల వేట లేక జాలర్ల పల్లెలో పొయ్యిలు వెలగడం లేదు. చేపలమ్ముకునే నూకాలు పల్లె తరఫున కచేరీకి వచ్చింది.

"అల్ట్రాక్రెపిడేరియన్ అంటే ఏమిటి?" అన్నాడు జమీందారు.

"తెలీదు బాబూ."

"అయితే వెళ్ళు."

నూకాలు చేతులు కట్టుకుంది. "వెళ్తాను బాబూ. దాని అర్థం తవరే సెలవిస్తే మా పల్లెలో అందరికీ చెప్పుకుంటాను."

జమీందారు సంబరపడ్డాడు. "తనకు తెలియని సంగతిలో తీర్పు చెప్పేవాడని అర్థం."

"అలాంటివాళ్ళు ఉంటారా బాబూ?"

"లోకం నిండా ఉన్నారు. వట్టి మూర్ఖులు."

"నేనేం మనవి తెచ్చానో తవరికి తెలుసా?"

"నువ్వు చెప్పందే నాకెలా తెలుస్తుంది?"

"తెలీకుండానే వెళ్ళమన్నారు గదా. ఇప్పుడు పల్లెలో ఈ మాటకు అర్థం ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను బాబూ."

దొర కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. జమీందారు చాలాసేపు మీసం సవరించుకున్నాడు.

"ముందు నీ మనవేమిటో చెప్పు," అన్నాడు చివరికి.

సాయంత్రానికి రేవు దగ్గర కంచె తీసేశారు. జమీందారు కొత్త మాటలు నేర్చుకోవడం మానలేదు గానీ, మనవి పూర్తిగా విన్నాకే అర్థం అడిగేవాడు.