చేతి సంచిలో ఏడు కిలోలు

నీటి అడుగున ఫోటోలు తీయడం నేర్చుకుందామని వచ్చినవాళ్ళని కామేశం మాస్టారు మొదటి నెల కెమెరా ముట్టనివ్వరు. విమానానికి సామాను సర్దడం నేర్పుతారు. విశాఖలో సముద్రానికి రెండు వీధుల ఇవతల, మేడ మీద ఆయన గది. అందులో ఒక కాటా, నాలుగు పెట్టెలు, నేల మీద ఎప్పుడూ పరిచి ఉండే జంపఖానా. బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టాలి, వాటి కొసలకి టేపు అంటించాలి. కెమెరాకి నీళ్ళు తగలకుండా తొడిగే లోహపు పెట్టెని హౌసింగ్ అంటారు. దాన్ని విమానంలో బిగించి మూయకూడదు, మూస్తే గాలి ఒత్తిడి మారి, దిగాక మూత ఊడిరాదు. ఇలాంటివి చెప్పి, సర్దించి, అంతా విప్పించి మళ్ళీ సర్దిస్తారు. దీనికేనా ఇంత దూరం వచ్చాం అని విసుక్కుని వెళ్ళిపోయినవాళ్ళే ఎక్కువ. ఉండిపోయిన నలుగురైదుగురిలో గీర్వాణి ఒకతె.

గీర్వాణికి మొదటి పెద్ద ప్రయాణం వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం అండమాన్ విమానం. నీళ్ళలో ఎప్పుడూ తన పక్కనే ఉండి లైటు పట్టే రోజీ కూడా వెళుతోంది. ఆ పొద్దున్నే గీర్వాణి ఒక్కతే ఇద్దరి సామానూ తెచ్చి జంపఖానా మీద పరిచి తూచింది. మనిషికి చేతి సంచిలో ఏడు కిలోలు, కింద వేసే పెట్టెలో పదిహేను. ఎన్ని విధాల మార్చి సర్దినా రెండు కిలోలు ఎక్కువే వస్తున్నాయి. చివరికి రోజీ వాడే రెగ్యులేటర్‌ని గీర్వాణి తీసి పక్కన పెట్టింది. సిలిండర్‌లోని గాలిని నోటికి అందించే పరికరం అది.

"ఇది ఇక్కడే వదిలేస్తాను మాస్టారూ. అక్కడ అద్దెకి దొరుకుతుంది. బరువు సరిగ్గా సరిపోతుంది. ఇందులో తప్పేమైనా ఉందా?"

మాస్టారు "రోజీ ఏమంది?" అని అడిగారు.

"సరే అంది మాస్టారూ. నవ్వుతూనే అంది."

మాస్టారు గోడకి చేరగిలబడి కూర్చుని, ఒక సంగతి చెప్పడం మొదలుపెట్టారు. అది ఆయన సంగతే. కానీ పాతరోజుల గురించి మాట్లాడేటప్పుడు ఆయన 'నేను' అనరు, 'కామేశం అనేవాడు' అంటారు. అందుకని ఇక్కడా అలాగే రాయవలసి వచ్చింది.

ఇరవై నాలుగేళ్ళ కిందటి మాట. కామేశం అనేవాడు అప్పుడు ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. సెలవులొస్తే సముద్రం. పక్కన ఎప్పుడూ సూరాడ దానయ్య ఉండేవాడు. దానయ్యది జాలరిపేట. ఊపిరి బిగబట్టి మునిగి శంఖాలు ఏరుకొచ్చే ఇంట్లో పుట్టినవాడు. కామేశానికి కెమెరా పట్టడం వచ్చు గానీ, నీళ్ళలో చూడడం దానయ్యే నేర్పాడు. రాయి అనుకున్నది చేప అనీ, ఆకు అనుకున్నది పీత అనీ వేలితో చూపించేవాడు. తొమ్మిదేళ్ళు ఇద్దరూ కలిసి దిగారు. ఫోటోల కింద కామేశం పేరు పడేది. దానయ్య పేరు ఎక్కడా పడలేదు. పడలేదేమని దానయ్య అడగలేదు. అడగడు కదా అని కామేశమూ వెయ్యలేదు.

ఆ ఏడు దానయ్య పని మీద అండమాన్ వెళ్ళి వచ్చి ఒక కబురు చెప్పాడు. తొంభై అడుగుల లోతున ఒక బండ ఉందనీ, పొద్దుటి పూట, చాపలా పరుచుకుని ఈదే పెద్ద టేకుచేప అక్కడికి వస్తుందనీ, రెక్కలు చాపితే నాటుపడవ వెడల్పు ఉంటుందనీ, చిన్న చేపలు దాని ఒళ్ళంతా శుభ్రం చేస్తుంటే కదలకుండా నిలబడుతుందనీ. "మీరు సూడాల మేస్టారూ. నేను సెప్తే సరిపోదు" అన్నాడు. చెన్నైలో ఒక పత్రిక పెట్టిన ఫోటోల పోటీకి గడువు దగ్గరలో ఉంది. ఇద్దరికీ టిక్కెట్లు తీశారు.

కామేశం రెండు రోజులు సర్దాడు. లెన్సులన్నిటినీ ఉన్ని మేజోళ్ళలో దూర్చాడు. హౌసింగ్‌కి ముందు బిగించే గాజు డోమ్ ఉంటుంది, దానికి గీత పడితే ఫోటో మీద గీత పడినట్టే. దానికి సరిపడే మెత్తటి సంచి ఇల్లంతా వెతికినా దొరకలేదు. దానయ్య తన రెగ్యులేటర్ పెట్టుకునే దూది కుట్టిన సంచి సరిగ్గా సరిపోయింది. రెగ్యులేటర్ బయటికి తీసి, తువ్వాలులో చుట్టి, పెద్ద పెట్టె అడుగున పెట్టి, దాని మీద ఫ్లాషులు బిగించే అల్యూమినియం చేతులు, స్టాండు పేర్చాడు.

"అది నోట్లో ఎట్టుకునేది మేస్టారూ" అన్నాడు దానయ్య.

"రబ్బరూ ప్లాస్టిక్కూనేగా, దానికేమవుతుంది? గాజు కాదుగా!"

అయినా ఇంకా అరకిలో పైచిలుకు ఎక్కువ తూగింది. ఒక గొట్టం పాడైతే పనికొస్తుందని ప్రతి రెగ్యులేటర్‌కీ రెండో గొట్టం ఒకటి ఉంటుంది. దానయ్యది విప్పి తీసేశాడు. "నువ్వెలాగూ నా పక్కనే ఉంటావు. అవసరమైతే నా రెండోది నీదే" అన్నాడు. దానయ్య నవ్వి, "అలాగే మేస్టారూ" అన్నాడు. కాటా ముల్లు గీత మీద ఆగింది. ఆ రోజు కామేశానికి కలిగిన సంతోషం చిన్నది కాదు.

అండమాన్‌లో దిగాక పెట్టెలు విప్పితే డోమ్ మీద వెంట్రుకవాసి గీత లేదు. కామేశం గంటసేపు కూర్చుని రబ్బరు చుట్లు తుడిచి, గ్రీజు రాసి, తొడిగి, తీసి, మళ్ళీ తొడిగాడు. ఆ పక్కనే దానయ్య తువ్వాలు విప్పాడు. నోట్లో పెట్టుకునే భాగం ఒక పక్క సొట్టపోయి ఉంది. చేత్తో నొక్కి చూసుకున్నాడు. మొదటి రోజు దిగి వచ్చాక, "గాలితో పాటు కొంచెం నీల్లొస్తన్నాయి" అన్నాడు. అద్దెకి ఇంకొకటి దొరుకుతుంది గానీ, దానికి పడవలో ఊళ్ళోకి వెళ్ళి రావాలి, ఒక పొద్దు పోతుంది. టేకుచేప వచ్చేది పొద్దుటే. "రేపు చూద్దాం" అన్నాడు కామేశం. ఆ రేపు కూడా రేపు చూద్దామనే అన్నాడు. పడవ అంచున కూర్చుని దానయ్య ఉప్పునీళ్ళు ఉమ్ముతుంటే చూశాడు. "పర్వాలేదా?" అని ఒక్కసారి అడిగాడు. "పర్నేదు" అన్నాడు దానయ్య. కామేశానికి కావలసింది ఆ మాటే కాబట్టి రెండోసారి అడగలేదు.

మూడో రోజు టేకుచేప వచ్చింది. దానయ్య చెప్పిన దానికంటే పెద్దది. రెండుసార్లు దూరంగా తిరిగి వెళ్ళిపోయింది. మూడోసారి బండ మీదకి వచ్చి, కెమెరాకి ఎదురుగా నోరు తెరుచుకుని నిలబడింది. దానయ్య పట్టిన లైటు ఒక్కసారి ఊగింది. కామేశం భుజం మీద చెయ్యి పడింది. తిరిగి చూశాడు. దానయ్య అరచేతిని గొంతుకి అడ్డంగా ఆడిస్తున్నాడు. నీళ్ళలో ఆ సైగకి ఒకటే అర్థం: గాలి అందడం లేదు.

"కామేశం చూశాడమ్మా" అన్నారు మాస్టారు. "చూడలేదని అనడానికి వీల్లేదు. కళ్ళలోకి చూశాడు. చూసి, ఒక వేలు ఎత్తాడు. ఒక్క నిమిషం అని."

వేలు దించి కెమెరా వైపు తిరిగాడు. మూడు ఫోటోలు తీశాడు. టేకుచేప రెక్క విదిల్చి వెళ్ళిపోయింది. అప్పుడు తన రెండో గొట్టం చేతిలోకి తీసుకుని పక్కకి తిరిగితే అక్కడ ఎవరూ లేరు. ఎంతసేపు అంటే, పది సెకన్లని చాలాకాలం అందరికీ చెప్పాడు. తనకీ చెప్పుకున్నాడు. కానీ అతను ఫిజిక్స్ చెప్పేవాడు. ఆ ఫ్లాష్ ఒకసారి వెలిగాక మళ్ళీ నిండడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. ఫోటోలు మూడు. మొదటిదానికి ముందు సరిచూసుకున్న సమయం వేరే ఉంది. లెక్క వేయకుండా ఉండడం అతని వల్ల కాలేదు.

దానయ్య తొంభై అడుగులూ ఒక్క ఊపున పైకి వెళ్ళాడు. లోతులో ఊపిరి పీల్చినవాళ్ళు అలా రాకూడదు. రక్తంలో బుడగలు పుడతాయి. కామేశం మాత్రం మెల్లగా, ఆగవలసిన చోట ఆగుతూ, పద్ధతి ప్రకారం వచ్చాడు. పడవలో దానయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. ఎడమకాలు తనది కాదన్నట్టు దాన్ని చేత్తో తడుముతున్నాడు.

ఆసుపత్రిలో గాలి ఒత్తిడి పెంచే గదిలో నాలుగు రోజులు పెట్టారు. ప్రాణం నిలిచింది. కాలికి సగమే స్వాధీనం వచ్చింది. నెల్లాళ్ళ వరకూ విమానం ఎక్కకూడదన్నాడు డాక్టరు. అంత పైకి వెళితే ఒంట్లో మిగిలిన బుడగలు మళ్ళీ ఉబ్బుతాయట. కామేశం మంచం పక్కన కూర్చున్నాడు. అప్పుడంతా ఫిల్ము రోజులు. రోలు కడిగిస్తే గాని ఏం వచ్చిందో తెలియదు. ఆ ఉక్కలో ఎన్నాళ్ళు ఆగుతుందో తెలియదు. గడువు ఇంకా మూడు రోజులుంది. ఈ సంగతులేవీ అతను పైకి అనలేదు. సంచి మాత్రం ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు. ఐదో రోజు పొద్దున దానయ్యే అన్నాడు.

"మీరెల్లండి మేస్టారూ. రోలు పాడైపోద్ది. నేను ఓడలో వస్తాను."

"నిన్నొదిలి ఎలా వెళతాను దానయ్యా?"

"నేకపోతే ఏటి, ఇద్దరం కూకుంటే కాలొస్తదా?"

కామేశం ఇంకొక్కసారి కాదన్నాడు. ఆ తరవాత లేచాడు.

విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర అమ్మాయి రెండు టిక్కెట్లూ చూసి, "రెండో ఆయనేరీ?" అంది. రావడం లేదన్నాడు. అయితే ఒక్కరి బరువే తీసుకుంటామంది. కెమెరా పెట్టె మిగిలిపోయింది. దాన్ని వదిలి వెళ్ళడానికి అతనికి మనసొప్పలేదు. మనసొప్పలేదు అన్న మాట మాస్టారు రెండుసార్లు అన్నారు. పక్క సీటు ఎలాగూ ఖాళీయే కదా, టిక్కెట్టు ఉంది కదా, పెట్టెని ఆ సీట్లో పెట్టుకుంటానని బతిమాలాడు. పై అధికారి వచ్చి చూసి సరేనన్నాడు. అది కిటికీ సీటు. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి, పెట్టె చుట్టూ బెల్టు వేసి, లాగి బిగించింది. "చాలా విలువైనదా సార్?" అని అడిగింది. "పగిలే సామాను" అన్నాడు కామేశం. దారిలో విమానం కుదిపినప్పుడల్లా పెట్టె మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు.

ఫోటో బహుమతి గెలిచింది. మూడింటిలో మూడోది. టేకుచేప తెరిచిన నోరు, రెక్కల కింద చిన్న చేపలు, పై మూలన వరసగా లేస్తున్న బుడగలు. ఆ బుడగల వల్లే చిత్రానికి లోతు వచ్చిందని న్యాయనిర్ణేత వేదిక మీద మెచ్చుకున్నాడు. కామేశం లేచి నమస్కారం పెట్టాడు. ఆ తరవాత కూడా సముద్రంలో దిగాడు. చాలాసార్లు దిగాడు. ఇంకా మంచి ఫోటోలే తీశాడు. దానయ్య మళ్ళీ దిగలేదు. కర్ర పట్టుకుని రేవు దాకా వచ్చి వలలు బాగుచేసేవాడు. నిరుడు ఎండాకాలంలో పోయాడు.

మాస్టారు చెప్పడం ఆపేశారు. కింద వీధిలో చేపలమ్మే ఆమె కేకలు వినిపిస్తున్నాయి. గీర్వాణి జంపఖానా మీద సామాను మధ్యే కూర్చుని ఉంది.   తొమ్మిదేళ్ళు పక్కన ఈదిన మనిషి మనసులో ఏముండి ఉంటుందా అన్నదే ఆమెని తొలుస్తోంది. ఆ మాటే అడిగింది.

"ఆయన మిమ్మల్ని ఒక్క మాటా అనలేదా మాస్టారూ?"

"అన్నాడు. ఓడ దిగుతూనే అన్నాడు" అన్నారు కామేశం మాస్టారు. "'కెమెరా బాగానే చేరిందా మేస్టారూ?' అన్నాడు."