రొట్టెలు మోసిన సిపాయి

నల్లమల అంచున ఏనుగులమిట్ట అనే ఊళ్ళో చిదంబరయ్య అనే బడి అయ్యవారు ఉండేవాడు. మంచివాడే గానీ, ఏ సంగతి చెప్పినా దానికి ఉప్పూకారం దట్టించకుండా ఉండలేకపోయేవాడు. ఎవరి పెరట్లోనో పాము కనబడితే, ఆయన నోట పడేసరికి అది కొండచిలువ అయ్యేది. జనం నోళ్ళు తెరుచుకుని వినేవారు. ఆయనకు కావలసింది కూడా అదే.

ఆ ఊరివాడు బాలగురవయ్య ఒకప్పుడు సైన్యంలో చేరి, బంగ్లాదేశ్ యుద్ధంలో చనిపోయాడు. చాలా ఏళ్ళకు ఊరివారికి అతని విగ్రహం పెట్టాలనిపించింది. కానీ అతను ఎలా బతికాడో, ఎలా చనిపోయాడో ఎవరికీ సరిగ్గా తెలియదు. "మీరు కనుక్కుని సభలో చెప్పండి అయ్యవారూ" అన్నాడు సర్పంచి.

చిదంబరయ్య ముందుగా బాలగురవయ్య అక్క ఓబులమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె అరుగు మీద కూర్చుని చింతకాయలు కొడుతోంది.

"మా అమ్మ మంచాన పడితే వాడే సంగటి కెలికేవాడు అయ్యోరూ. నేను తినందే ముద్ద ముట్టేవాడు కాదు" అంది. "పటాలంలోనూ వంటపనే ఇచ్చారంట. ఎట్లా పోయాడో మాత్రం నాకెవరూ చెప్పలేదు."

తర్వాత సైన్యంలో బాలగురవయ్యతో కలిసి పనిచేసిన దస్తగిరిని వెతుక్కుంటూ పక్క ఊరికి వెళ్ళాడు. దస్తగిరి ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి చెప్పుకొచ్చాడు.

"గుండ్లు వానలా పడుతున్నాయి సార్. గుంటల్లో ఇరుక్కుపోయాం. తిండి లేదు. మా దగ్గరికి రావడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. గురవయ్య ఒక్కడే వీపుకు రొట్టెల మూట కట్టుకుని పాక్కుంటూ వచ్చాడు. మాకు పంచి, అవతలి గుంటలోవాళ్ళకు ఇవ్వబోతుంటే గుండు పడింది. నెత్తురంటిన ఆ రొట్టెలే ఏరుకుని తిన్నాం. అందుకే ఇట్లా బతికున్నాను. వాళ్ళక్క ముఖం చూసి ఈ మాట చెప్పే ధైర్యం లేక ఇన్నాళ్ళూ మీ ఊరు రాలేదు."

చిదంబరయ్య కళ్ళు చెమర్చాయి. కానీ ఇంటిదారి పట్టగానే మనసు మారింది. 'రొట్టెలు మోసినవాడికి విగ్రహమా అని జనం నవ్వరూ?' అనుకున్నాడు.

విగ్రహం పెట్టే సభ రోజున ఊరంతా వచ్చింది. ఓబులమ్మ ఉతికిన చీర కట్టుకుని ముందు కూర్చుంది. బాలగురవయ్య ఒంటిచేత్తో శత్రువు ట్యాంకు పేల్చాడనీ, జెండా పట్టుకుని నేలకొరిగాడనీ చిదంబరయ్య గొంతెత్తి చెప్పాడు. చప్పట్లు మారుమోగాయి.

సభ కాగానే దస్తగిరి దగ్గరికొచ్చి, "రొట్టెల మాట చెప్పలేదేం సార్?" అన్నాడు.

"అది జనం కంటికి ఆనదయ్యా."

దస్తగిరి వెనుదిరిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఊరు రాలేదు.

ఓబులమ్మ మెల్లగా లేచి వచ్చింది. "ఎవరో మొనగాడి కథ చెప్పారు, బాగుంది అయ్యోరూ. మరి మావాడి సంగతి ఎప్పుడు చెబుతారు?" అంది.

ట్యాంకు పేల్చింది మీ తమ్ముడేనని చిదంబరయ్య చెప్పలేకపోయాడు, కాదనీ చెప్పలేకపోయాడు. "వచ్చే ఏడు చెబుతానమ్మా" అని తప్పించుకున్నాడు.

ఆ వేసవిలో వడదెబ్బ తగిలి ఓబులమ్మ చనిపోయింది. తమ్ముడు ఎలా పోయాడో తెలియకుండానే కన్నుమూసింది.

మరుసటి ఏడు విగ్రహం దగ్గర జరిగిన వర్ధంతి సభలో చిదంబరయ్య లేచి, జరిగింది జరిగినట్టు చెప్పబోయాడు. జనం చెప్పనివ్వలేదు.

"ట్యాంకు పేల్చిన వీరుణ్ణి పట్టుకుని వంటవాడంటావా?" అని ఒకడు అరిచాడు. ఇంకొకడు మైకు లాక్కున్నాడు. సాక్ష్యం చెప్పమని చిదంబరయ్య దస్తగిరి ఊరికి పరుగెత్తాడు. అతన్ని మట్టిచేసి అప్పటికే నెల దాటిందని ఇంట్లోవాళ్ళు చెప్పారు.

ఇప్పుడు ఏనుగులమిట్టలో ఏ పిల్లవాణ్ణి అడిగినా ట్యాంకు కథే చెబుతాడు. చావుకు వెరవక ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన బాలగురవయ్య ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిసిన చిదంబరయ్య మాట ఎవరూ నమ్మరు.

పోయినవారి గురించి ఉన్నది ఉన్నట్టే చెప్పాలి. లేని గొప్పను అతికిస్తే వారికున్న గొప్ప కూడా మట్టిలో కలిసిపోతుంది.