బిగుసుకుపోయిన డోలు

తునిలో పైడిరత్నం అనే పదమూడేళ్ల పిల్ల ఉండేది. డోలు మీద ఆమె చెయ్యి ఎంత చురుకో, "నేను రాను" అనడానికి ఆమె నోరు అంత పిరికిది.

తండ్రి సింహాద్రి సన్నాయి వాయించేవాడు. కూతురు డోలు కొడుతున్న వీడియో ఒకటి ఫోన్లలో తిరిగాక, పెళ్లివాళ్లందరూ ఆ పిల్లే కావాలనసాగారు. సింహాద్రి ఎవరికీ కాదనేవాడు కాదు. రత్నం వ్యాన్‌లో లెక్కలు చేసేది, వ్యాన్‌లో తినేది, బడిలో నిద్రపోయేది. "మా రత్నానిది ఎంత వినయమో! ఒక్కసారీ ఎదురు చెప్పదు" అని తండ్రి మురిసిపోయేవాడు. అది వినయం కాదు, కోపం. లోపల కుతకుత ఉడికేది. మూత మాత్రం లేచేది కాదు.

ఆ శనివారం బడిలో ఖోఖో చివరి పోటీ. జట్టులో రత్నమంత వేగంగా ఎవరూ పరిగెత్తలేరు. "ఆ రోజు ఏ మేళమూ ఒప్పుకోను, సరేనా?" అని తండ్రి మాట ఇచ్చాడు. శుక్రవారం సాయంత్రం ఆ నోటితోనే, "అమ్మడూ, రేపు పిఠాపురంలో పెళ్లి. తాంబూలం పుచ్చేసుకున్నాను, ఇక తప్పదు" అన్నాడు.

రత్నం వెళ్లి డోలు సర్దుకుంది. మర్నాడు వ్యాన్ బడి ముందు నుంచే వెళ్లింది. గేటు దగ్గర స్నేహితురాలు మంగ, "ఏమే, మళ్లీ పెళ్లా? నీ పెళ్లి నాడు వచ్చి ఖోఖో ఆడతావు కాబోలు!" అని అరిచింది. రత్నం కిటికీ అద్దం మూసేసింది.

పందిట్లో ఎండ మాడ్చేస్తోంది. రత్నం పళ్లు కొరుకుతూ డోలు పట్టీలు బిగించింది.

"చాలమ్మా, కాస్త వదులు చెయ్యి. ఎండకి చర్మం ఇంకా బిగుస్తుంది" అన్నాడు సింహాద్రి.

ఆ సంగతి రత్నానికి తెలియదా? అయినా తండ్రి కళ్లలోకి చూస్తూ ఇంకాస్త బిగించింది. నోటితో అనలేనిదంతా డోలు మీద బాదింది. "అబ్బ, ఏం ఊపు!" అని జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు ఆమె ఒళ్లు ఇంకా మండింది.

ముహూర్తం వచ్చింది. ఏ తుమ్మూ, ఏ చెడ్డ మాటా వినపడకూడదని తాళి కట్టే వేళ మేళం హోరెత్తించడం ఆనవాయితీ. పురోహితుడు చెయ్యెత్తి, "గట్టిమేళం!" అన్నాడు. రత్నం ఒక్క దెబ్బ వేసింది. ఫట్‌మని డోలు కుడివైపు చర్మం చీలిపోయింది. సింహాద్రి ఉలిక్కిపడి సన్నాయి ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో, ముక్కుపొడి పీల్చిన పెళ్లికొడుకు మేనమామ హాచ్చి అని తుమ్మాడు.

తాళి పెళ్లికొడుకు చేతిలోనే ఆగిపోయింది.

"అపశకునం! ఇంట్లో అడుగు పెట్టకముందే ఇలా ఉంటే, ఈ పిల్ల పాదం ఎలాంటిదో!" అంది పెళ్లికొడుకు తల్లి. పెళ్లికూతురు తల వంచుకుంది. ఆమె కన్నీళ్లు చేతిలోని కొబ్బరి బొండం మీద పడ్డాయి.

రత్నం చూసింది. నాన్న మీది కోపం ఎవరికి తగిలింది? ఆ అక్క ఏం చేసింది?

అప్పుడు లేచింది మూత. "తుమ్మింది మీ అన్నయ్యగారండీ! ఎండలో డోలు బిగించి పగలగొట్టింది నేను! ఆ అక్క పాదం ఏం చేసిందండీ? అనాలంటే నన్ను అనండి!"

మేనమామ ముక్కుపొడి డబ్బా పంచె మడతలో దాచేశాడు. "పిల్ల నిజమే చెప్పింది. కానివ్వండి" అన్నాడు పురోహితుడు. రత్నం మిగిలిన ఎడమవైపునే పుల్లతో, అరచేత్తో హోరెత్తించింది. పెళ్లికూతురి మెడలో తాళి పడింది. పెళ్లికొడుకు తల్లి మొహం మాత్రం విప్పారలేదు. ఆ తుమ్ము మాట పెళ్లికూతురు ఎన్నేళ్లు పడాలో!

తిరుగు దారిలో సింహాద్రి కసిరాడు. "డోలు పోయింది, పరువు పోయింది. ఎందుకే అలా బిగించావు?"

"నీ మీద కోపంతో నాన్నా. మాట ఇచ్చి తప్పావు. ఇక నన్నడక్కుండా తాంబూలం పుచ్చుకుంటే నేను రాను."

"ఎదురు చెబుతావా!" అని ఆయన గుడ్లురిమాడు. రత్నం చూపు దించలేదు. చివరికి ఆయనే కిటికీ వైపు తిరిగి, "ఈ మాట ముందే చెప్పొచ్చు కదే" అని గొణిగాడు.

"ముందే అడగొచ్చు కదా" అంది రత్నం.

బడి దగ్గరికి వచ్చేసరికి ఆట అయిపోయింది. రత్నం జట్టు ఓడిపోయింది. మర్నాడు తాంబూలం పట్టుకొచ్చినవాళ్లతో సింహాద్రి, "ఉండండి, అమ్మాయిని అడిగి చెబుతాను" అన్నాడు.

కోపం ఎవరి మీదైతే వాళ్ల ముందే నోరు విప్పి చెప్పాలి. మింగి దాచుకుంటే అది ఏ పాపం ఎరగనివాళ్ల మీద పడుతుంది.