చింతపిక్కలకు నిన్నటి సంగతి గుర్తుండదు

ఏటి ఇసుకలో ఎద్దుకూ నక్కకూ కలిపి ఒక పుచ్చతోట ఉండేది. ఎద్దు నీళ్లు మోసేది, నక్క కాపలా కాసేది. వేసవిలో ఏరు ఎండిపోతే ఆ ఇద్దరికీ ఆకలైనా దాహమైనా ఆ తోటే దిక్కు. రోజుకు నాలుగు కాయలు పండేవి, చెరి రెండు.

నక్కకు కడుపు నిండినా కళ్లు నిండవు. రోజూ రెండేనా అని విసుగు పుట్టి, ఒకవైపు తెల్లగా అరగదీసిన నాలుగు చింతపిక్కలు తెచ్చింది.

"ఎద్దు మామా, రోజూ పొద్దున్నే ఇవి వేద్దాం. తెల్లగా పడ్డన్ని కాయలు నావి, నల్లగా పడ్డన్ని నీవి."

"ఎన్నాళ్లు వేసినా సగటున చెరి రెండే కదా అల్లుడూ. ఆ మాత్రానికి పిక్కలెందుకు?"

"సరదాకి మామా. నీకు పోయేదేముంది?"

తొలిరోజు నాలుగూ తెల్లగా పడ్డాయి. అదృష్టం పట్టినవాణ్ణి నక్క తోక తొక్కాడంటారు గదా, ఆ తోకే తన వెనకుంటే ఇక లోటేమిటని నక్క మురిసిపోయింది. రెండోరోజు ఒకటే తెలుపు. మూడోరోజు అసలు లేదు. నాలుగోరోజు మళ్లీ ఒకటే. నక్క తోక నేలకు వాలింది.

ఐదోరోజు పొద్దున్నే అది ఇసుకలో గీతలు గీసి లెక్క తేల్చుకుంది.

"మామా, సగటు రెండని నువ్వే అన్నావు. ఐదు రోజులకు నాకు పది రావాలి. వచ్చినవి ఆరు. అంటే ఇవాళ నాలుగూ తెల్లగా పడి తీరాలి. పోయిన చోటే వెతుక్కోమన్నారు పెద్దలు. ఈ ఒక్క ఆటకు తోట మొత్తం పందెం."

ఎద్దు నెమరు ఆపింది. "సగటంటే చాలా రోజుల మీద తేలే మాట అల్లుడూ. నిన్న తక్కువ పడ్డామని పిక్కలకు గుర్తుంటుందా? వద్దు, నా మాట విను."

"భయపడ్డావా మామా?"

"నీ మీద జాలిపడ్డాను. సరే, నాలుగు దాకా ఎందుకు? మూడు తెల్లగా పడ్డా తోట నీదే. పడకపోతే నాది."

నక్కకు నవ్వాగలేదు. ఎద్దుది మొద్దు బుర్రని ఊరికే అన్నారా అనుకుంది. పిక్కలు గలగలలాడించి, కళ్లు మూసుకుని విసిరింది.

రెండు తెలుపు, రెండు నలుపు.

"చూశావా, నువ్వు అడిగిన సగటు రానే వచ్చింది," అంది ఎద్దు.

నక్క పిక్కలను ఒక్కొక్కటే తిరగేసి చూసుకుంది. "మూడు చాలన్నావే, అది జాలేనా మామా?" అని అడిగింది.

"జాలే అల్లుడూ. కాకపోతే నాలుగు పిక్కలు పదహారు తీర్లుగా పడతాయి. వాటిలో మూడో నాలుగో తెల్లగా ఉండేవి ఐదే. ఏటిగట్టున పిల్లల ఆట చూస్తూ ఎన్నేళ్లు నెమరేశాననుకున్నావు?"

"ఇంకొక్కసారి వేద్దాం మామా."

"రోజూ ఈ రెండు కాయలు నీకు ఏ పిక్కలూ వెయ్యకుండానే వచ్చేవి. ఎంత తోక ఉన్నా, నీ తోక నువ్వే తొక్కుకుంటే అదృష్టం పట్టదురా."

ఆ వేసవంతా నక్క కాపలా కూలీగా మిగిలింది, రోజుకు ఒక కాయ చొప్పున. ఆ ఒక్క కాయకూ పిక్కలు వేద్దామని మాత్రం మళ్లీ ఎన్నడూ అనలేదు.

నీతి: సగటును నమ్ముకుని బతకవచ్చు గానీ, ఇవాళే వచ్చి తీరాలని దాని మీద పందెం కాయకూడదు.