ఓబులమ్మ ముట్టించని పొయ్యి

అనగనగా ఒక ఊళ్ళో ఒక దేవుడికి ఆకలేసింది.

నవ్వకు చిన్నీ, దేవుళ్ళకి ఆకలెయ్యదని నీకెవరు చెప్పారు? ఆ దుప్పటి గడ్డం దాకా లాక్కో, కాళ్ళు ఆడించకు. నేను చెప్తూ ఉంటాను, నువ్వు ఊఁ కొడుతూ ఉండు. ఊఁ ఆగితే కథా ఆగుతుంది, తర్వాత నన్ను అనకూడదు.

ఆ ఊరి పేరు కోటదిన్నె. ఆ దేవుడి పేరు ఎత్తులయ్య. యుద్ధాలకి దేవుడు. అలాగని కండలు చూపించి కేకలు పెట్టే రకం కాదు, ఎత్తులు వేసే రకం. నల్ల గుర్రం మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని ఆలోచిస్తూ ఉండేవాడు. గుళ్ళో రాతి బొమ్మ కూడా అలాగే ఉండేది.

ఒకప్పుడు కొండ అవతల నుంచి దోపిడీ దండు ఒకటి ఆ ఊరి మీదికి వచ్చింది. ఊళ్ళో చూస్తే మగవాళ్ళు గుప్పెడుమంది. అప్పుడు ఎత్తులయ్య ఏం చెప్పాడో తెలుసా? ఎద్దులన్నిటికీ చింతకొమ్మలు కట్టి పొలాల్లో అటూ ఇటూ లాగించమన్నాడు. దుమ్ము ఆకాశానికి లేచింది. ఆ దుమ్ము చూసి, అమ్మో ఎంత సైన్యం వస్తోందో అనుకుని దండు పంచెలు ఎగ్గట్టి పరిగెత్తింది. ఆ రోజు నుంచి ఊరంతా ఆయన భక్తులైపోయారు. అవ్వరా మరి? పిల్లల్ని కాపాడిన దేవుడు.

ఆ తర్వాత ఆయన ఒక పద్ధతి పెట్టాడు. యుద్ధానికి బయల్దేరే రోజున ఇంటికో గుప్పెడు బియ్యం తేవాలి. గుడి ముందు పెద్ద కుండలో బెల్లం వేసి వండాలి. దాన్ని పోరుబువ్వ అనేవాళ్ళు. ముందు దేవుడు తింటాడు. ఆ తర్వాత యుద్ధానికి వెళ్ళే మగవాళ్ళు తింటారు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాడంటే ఇక వాడు వెనక్కి తగ్గకూడదు. యుద్ధం లేని రోజుల్లో దేవుడికి చెంబెడు నీళ్ళూ, ఒక పువ్వూ. అంతే.

ఇంకో మాట. ఆ పొయ్యి ఎవరు పడితే వాళ్ళు ముట్టించకూడదు. వెనకటి యుద్ధాల్లో ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న ఆడదే ముట్టించాలి. ఎక్కువమందిని పోగొట్టుకుంటే ముందు ఆమెకే హక్కు. ఎత్తులయ్య లెక్క ఎత్తులయ్యది. ఏడ్చిన మనిషికి కోపం ఎక్కువ ఉంటుంది, కోపంగా ఉన్న చెయ్యి నిప్పు బాగా రాజేస్తుంది అనుకున్నాడు. అంత తెలివైనవాడూ అక్కడే తప్పులో కాలేశాడు.

అప్పుడు ఆ ఊళ్ళో ఓబులమ్మ అని ఒకావిడ ఉండేది. ఒక యుద్ధానికి ఆమె మొగుడు తిమ్మప్ప పోరుబువ్వ తిని వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఇంకో యుద్ధానికి పెద్దకొడుకు నరసప్ప తిని వెళ్ళాడు, వాడూ తిరిగి రాలేదు. ఇక ఇంట్లో మిగిలింది చిన్నకొడుకు ఈరన్న. వాడికి మీసాలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. అంటే బువ్వ తినే వయసు వచ్చేసిందన్నమాట. ఓబులమ్మకి ఆ మీసం కనిపించినప్పుడల్లా గుండెలో రాయి పడేది.

కొన్నాళ్ళకి మంచి కాలం వచ్చింది. వానలు పడ్డాయి, పంటలు పండాయి. పక్కనే ఉన్న రేగడిపల్లెతో పెళ్ళిళ్ళూ పేరంటాలూ కలిశాయి. ఎవరికీ కొట్లాడే తీరిక లేదు. గుళ్ళో ఎత్తులయ్యకి చెంబెడు నీళ్ళు, ఒక పువ్వు. మర్నాడు చెంబెడు నీళ్ళు, ఒక పువ్వు. పాపం కడుపు మాడిపోయింది. అప్పుడు ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఒక ఎత్తు వేశాడు.

పొద్దున్నే జనం లేచి చూసేసరికి రేగడిపల్లె వైపున్న హద్దురాయి కోటదిన్నెలోకి ఒక పొలం మేర జరిగి ఉంది. అంతే, ఊరు అట్టుడికిపోయింది. "మన నేల కాజేస్తారా వాళ్ళు?" అని డప్పు కొట్టారు. ఇంటింటి నుంచీ బియ్యం వచ్చి కుండ పక్కన చేరింది. ఈరన్న కూడా తలగుడ్డ చుట్టుకుని వచ్చి వరసలో నిలబడ్డాడు. ఊరిపెద్ద కొండప్ప నిప్పుకట్టె తెచ్చి ఓబులమ్మ చేతికిచ్చాడు. "ముట్టించు తల్లీ" అన్నాడు.

ఓబులమ్మ కొడుకు మొహం చూసింది. కట్టె కింద పెట్టేసింది.

"కొట్లాటకి ముందు నేల చూడమని సామే కదా మనకి నేర్పింది? చూసొచ్చి ముట్టిస్తా" అంది.

అప్పుడు పొలం దాకా నడుచుకుంటూ వెళ్ళింది. ఊరంతా ఆమె వెనకాలే. హద్దురాయి చుట్టూ తడిమట్టి. ఆ మట్టిలో మనిషి అడుగన్నది లేదు. అన్నీ గుర్రపు డెక్కల జాడలే. ఈ ఊళ్ళో గుర్రం లేదు, ఆ ఊళ్ళోనూ గుర్రం లేదు. ఉన్నది ఎవరికో చెప్పు? ఆఁ, అదే. ఓబులమ్మ గుడి వైపు తిరిగి ఒక్క చూపు చూసింది. తర్వాత అందరూ కలిసి రాయిని పాత గుంటలోకి దొర్లించి, ఎవరి బియ్యం వాళ్ళు తీసుకుని ఇంటికి పోయారు.

ఎత్తులయ్యకి ఒళ్ళు మండింది. అప్పుడు రెండో ఎత్తు వేశాడు.

గాజులు అమ్ముకునేవాడి వేషం కట్టాడు. భుజాన గాజుల మలారం వేసుకుని ఊళ్ళోకి వచ్చాడు. నడివీధిలో నిలబడి, "ఇవి రేగడిపల్లె వాళ్ళు పంపారు. కోటదిన్నె మగవాళ్ళకి తొడిగి రమ్మన్నారు" అన్నాడు. ఇక చూడు! మగవాళ్ళ మొహాలు కందగడ్డలైపోయాయి. మళ్ళీ డప్పు, మళ్ళీ బియ్యం, మళ్ళీ వరస. ఈసారి ఈరన్న అందరికంటే ముందు నిలబడ్డాడు. పడుచు రక్తం, దానికి ఆలోచనెక్కడిది?

ఓబులమ్మ నెమ్మదిగా వచ్చింది. మలారంలోంచి ఎర్రగాజులు తీసింది. తీసి, తన చేతులకే తొడుక్కుంది.

మొగుడు పోయిన ఆడది గాజులు వేసుకోకూడదని ఆ రోజుల్లో ఒక కట్టుబాటు ఉండేది చిన్నీ. పాడు కట్టుబాటు. అందుకే ఊరంతా నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఓబులమ్మ మాత్రం చేతులు పైకెత్తి గాజులు గలగలలాడించింది.

"ఎంత బాగున్నాయో! పంపినవాళ్ళ కడుపు చల్లగుండ" అంది. "శత్రువు నీకు కోపం తెప్పించాలని చూస్తే అదొక్కటీ తెచ్చుకోవద్దని సామి చెప్పలేదా? ఇంత మంచి గాజులు పంపిన ఊరికి మనమూ ఏదైనా పంపాలి. ఎవరి చేలో ఉల్లిగడ్డలు బాగా పండాయి?"

ముందు పుల్లమ్మ అనే ఆవిడ పక్కున నవ్వింది. ఆ తర్వాత ఆడవాళ్ళందరూ నవ్వారు. ఆ తర్వాత మగవాళ్ళు కూడా నవ్వేశారు. నవ్విన వాళ్ళు ఇంకేం యుద్ధం చేస్తారు? గాజులవాడు మలారం సర్దుకుని పళ్ళు నూరుకుంటూ పోయాడు. ఆ రోజు ఊళ్ళో చివరికి కోపం మిగిలింది ఆయన ఒక్కడికే.

ఊఁ అను. కళ్ళు మూతలు పడుతున్నాయా? పడనీ, చెవులు మాత్రం తెరిచి ఉంచు. అసలు సంగతి ఇప్పుడే.

ఎత్తులయ్యకి ఇక ఓపిక లేకపోయింది. ఎండ నడినెత్తిన ఉండగా గుళ్ళో రాతిగుర్రం ఒక్కసారి సకిలించింది. వేషం లేదు, మాయ లేదు. నల్ల గుర్రం మీద, పొడుగాటి ఈటె పట్టుకుని, దేవుడు దేవుడిలాగే బయటికి వచ్చాడు. మెట్లు అదిరాయి. జనమంతా నేల మీద పడి మొక్కారు.

"ఇవాళే రేగడిపల్లె మీదికి వెళ్తున్నారు. ఎందుకని నన్ను అడగొద్దు. బియ్యం తెండి" అన్నాడు.

భయపడి తెచ్చారు. పొయ్యిలో కట్టెలు పేర్చారు. మగవాళ్ళు వరస కట్టారు, వరసలో ఈరన్న ఉన్నాడు. ఈసారి వాడి మొహంలో కోపం లేదు, నెత్తురు చుక్క కూడా లేదు.

"ఓబులమ్మా, ముట్టించు."

ఓబులమ్మ లేచి నిలబడింది. చీర కొంగు నడుముకి దోపుకుంది.

"ముట్టించను సామీ."

"ఈ ఊరిని కాపాడింది ఎవరు?" అన్నాడు దేవుడు.

"నువ్వే. కాదన్నవాళ్ళ నోట్లో మన్ను పడ. కానీ ఆ రోజు దండు మా గుమ్మంలోకి వచ్చింది. ఈ రోజు నువ్వు మమ్మల్ని వాళ్ళ గుమ్మంలోకి పొమ్మంటున్నావు. ఆ ఇళ్ళల్లో ఎవరుంటారు సామీ? నాలాంటి వాళ్ళే ఉంటారు."

"మొగుణ్ణి పోగొట్టుకున్నావు, కొడుకుని పోగొట్టుకున్నావు. నీకు కోపం రాదా?"

"ఎందుకు రాదు? ఒళ్ళంతా కోపమే" అంది ఓబులమ్మ. "నీ మీద."

నాకైతే ఈ మాట చెప్పిన ప్రతిసారీ లేచి నిలబడాలనిపిస్తుంది చిన్నీ. మోకాళ్ళ నొప్పులు గనక ఊరుకున్నా.

అప్పుడు దేవుడు ఈటె ఎత్తి ఆమె గుండెకి గురిపెట్టాడు. "ఇక్కడికిక్కడే బూడిద చేస్తా!" అని ఉరిమాడు.

"చేసుకో. బూడిద వచ్చి నీ పొయ్యి ముట్టించదుగా" అంది.

దేవుడు జనం వైపు తిరిగాడు. "అయితే నీ తర్వాత హక్కున్న మనిషి ముట్టిస్తుంది. పుల్లమ్మా, రా!" అన్నాడు. పుల్లమ్మ తమ్ముడు యుద్ధంలో పోయాడు. ఆమె నీళ్ళబిందె చంకనెత్తుకునే వచ్చింది. ఓబులమ్మని చూసింది. ఆ తర్వాత బిందె వంచి పొయ్యిలో నీళ్ళు పోసేసింది. "మా తమ్ముడు గంగన్న పేరు చెప్పి" అంది.

"చెన్నమ్మా, నువ్వు రా!" అన్నాడు దేవుడు. చెన్నమ్మ తండ్రి యుద్ధంలో పోయాడు. ఆమె కూడా వచ్చింది, చెంబెడు నీళ్ళు పోసింది. "మా నాయన పేరు చెప్పి" అంది.

ఆ తర్వాత పిలవకుండానే వచ్చారు. ముసలివాళ్ళు వచ్చారు, పడుచువాళ్ళు వచ్చారు. ఒక్కొక్కరూ పోయినవాళ్ళ పేరు చెప్పడం, నీళ్ళు పొయ్యడం. కట్టెలు నానిపోయాయి, పొయ్యి మడుగైపోయింది. నీళ్ళు పోసినవాళ్ళు ఇంటికి పోలేదు. చుట్టూ నిలబడ్డారు. దేవుడు గుర్రాన్ని ఇటు తిప్పాడు, ఆడవాళ్ళు. అటు తిప్పాడు, ఆడవాళ్ళు. ఎవరూ కేకలు వెయ్యలేదు, ఎవరూ కదల్లేదు.

అప్పుడు ఆయనకి అర్థమైంది. నాలుగు వైపులా చుట్టుముట్టి, తిండి అందకుండా చేసి, నోరు మెదపకుండా నిలబడడం ఆయన ఎత్తే. కోటలు పట్టడానికి ఆయనే వాళ్ళకి నేర్పాడు. ఇప్పుడు భక్తులందరూ కలిసి దేవుడికే ముట్టడి వేశారు.

ఈరన్న తలగుడ్డ విప్పేశాడు. వరసలోంచి బయటికొచ్చి అమ్మ పక్కన నిలబడ్డాడు. వాడి వెనకాలే ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు. వరసంతా ఖాళీ అయిపోయింది.

ఎత్తులయ్య చాలాసేపు ఆలోచించాడు. ఒక్క ఎత్తూ తట్టలేదు. ఈటె దించాడు. చివరికి చిన్న గొంతుతో, "ఓబులమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు.

"ఆ మాట మొదటే ఏడవచ్చుగా!" అని ఓబులమ్మ కసిరింది. దేవుణ్ణి కసిరింది! "ఆకలైతే అన్నం అడగాలి. మనుషుల్ని అడుగుతారా? ముందు గుర్రం దిగు."

దిగాడు.

"ఆ ఈటె అవతల పెట్టు."

పెట్టాడు.

"చేతులు కడుక్కో."

కడుక్కున్నాడు.

ఓబులమ్మ ఇంటికి పోయి వేడి రాగి సంగటి కుండ, గోంగూర పచ్చడి తెచ్చింది. మిగతావాళ్ళు కూడా ఇంట్లో ఏది ఉంటే అది తెచ్చారు. వీధిలో అందరూ బారుగా కూర్చున్నారు. దేవుడు అలవాటు కొద్దీ వెళ్ళి బంతిలో మొదట కూర్చున్నాడు. ఓబులమ్మ కుండ పట్టుకుని ఆయన్ని దాటుకుని పోయింది. మొదటి ముద్ద తీసి ఈరన్న ఆకులో పెట్టింది.

"దేవుడికి కదా ముందు?" అన్నాడు ఎత్తులయ్య.

"నీకు ముందు పెట్టాకే మా ఆయన తిన్నాడు, తిరిగి రాలేదు. నీకు ముందు పెట్టాకే మా పెద్దోడు తిన్నాడు, తిరిగి రాలేదు. ఇవాళ్టి నుంచి ముందు నా బిడ్డ తింటాడు. ఊళ్ళో బిడ్డలందరూ తింటారు. ఆఖర్న నువ్వు. ఇష్టమైతే కూర్చో, కష్టమైతే నీ గుర్రం అక్కడే ఉంది."

ఊరంతా చూస్తోంది. దేవుడు గుర్రం వైపు చూశాడు. కుండ వైపు చూశాడు. లేచాడు. బంతి చివరికి నడుచుకుంటూ వెళ్ళి, అందరికంటే చిన్నపిల్ల పక్కన మఠం వేసుకుని కూర్చుని, తన వంతు వచ్చేదాకా ఆగాడు.

ఏంటి? మళ్ళీ దోపిడీ దండు నిజంగానే వస్తే ఎలా అంటావా? నిద్రలో కూడా ప్రశ్నలే నీకు. వస్తే ఓబులమ్మే పొయ్యి ముట్టిస్తుంది. కావాలంటే ఈటె కూడా తనే పట్టుకుంటుంది. ఎత్తు చెప్పమంటే ఎత్తులయ్య చెప్తాడు. కానీ ముట్టించాలా వద్దా అన్నది ఆమె చెప్పాలి. గుర్రం మీద కూర్చున్నవాడు కాదు.

కథేమో కంచికి చేరె,
కత్తేమో ఒరలోకి చేరె,
బువ్వేమో బొజ్జలోకి చేరె,
చిన్నేమో నా పక్కలోకి చేరె.