పసుపు గుడ్డు, సున్నపు తొట్టి

పసుపు ఉడకబెట్టే రోజులు. కళ్లమంతా పొగ, ఆవిరి, ఘాటు వాసన. గున్నమ్మ అనే కోడిపెట్టకి మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. గంప దగ్గరకి పరిగెత్తి గుడ్లు చూసుకుంటుంది, నాలుగడుగులు వేస్తుంది, మళ్లీ వెనక్కి పరుగు. మేతకి వెళ్లొచ్చిన ప్రతిసారీ ఒక గుడ్డు మాయమవుతోంది మరి. ఇప్పుడు మిగిలినవి మూడే.

“ఇంకెవరు? ఆ కుక్కే! నా కళ్లతో చూశాను,” అంది తెల్లటి గండుపిల్లి.

“నేనా? ఆ గంప ఎక్కడుందో కూడా నాకు తెలీదు!” అని కుక్క మొత్తుకుంది. కంగారులో ఉన్న గున్నమ్మ వినిపించుకోలేదు.

పిల్లి గొంతు తగ్గించింది. “ఓ ఉపాయం చెప్పనా అక్కా? తెల్లగా ఉండబట్టే కదా గుడ్లు దొంగ కంట్లో పడుతున్నాయి! పొయ్యి మీదున్న ఆ బానలో ఉల్లిపొట్టు వేసి ఉడికించు. ఎర్రబడి మట్టిలో కలిసిపోతాయి.”

గున్నమ్మ వెనకాముందూ చూడకుండా ఓ గుడ్డుని దొర్లించుకుంటూ బయల్దేరింది. నెమరేస్తున్న ముసలి గేదె తల అడ్డం పెట్టింది.

“ఎక్కడికే తల్లీ?”

“రంగేయడానికి పెద్దమ్మా, అడ్డు లే!”

“ఉడికిన గుడ్డులోంచి పిల్ల వస్తుందటే పిచ్చిదానా? అది తినడానికే పనికొస్తుంది. తినేదెవరో చూసుకో.”

గున్నమ్మ వెనక్కి తిరిగింది. పిల్లి పెదాలు నాక్కుంటోంది. గున్నమ్మకి భయం పోయి ఒళ్లు మండింది.

మంచి గుడ్లని గేదె పక్కన గడ్డిలో దాచింది. పాకలో ఎప్పట్నుంచో పడి ఉన్న కుళ్లిన గుడ్డుని, చల్లారిన చిక్కటి పసుపునీళ్లలో బాగా పొర్లించి, తడి ఆరకముందే గంపలో పెట్టి గడ్డి కప్పింది.

“ఉడికించానోయ్ తమ్ముడూ! గడ్డి కింద ఆరబెట్టాను,” అని పిల్లికి చెప్పి మేతకి వెళ్లిపోయింది.

పిల్లి ఇటూ అటూ చూసి గడ్డిలో మూతి దూర్చింది. కొరికితే కంపు! కక్కుకుంటూ నీళ్ల తొట్టి దగ్గరకి పరిగెత్తి, వంగి చూసుకుంటే మూతంతా పసుపు. కడిగినా పోలేదు. ఎవరైనా చూస్తే? పక్కనే గోడలకి వేయడానికి కలిపిన సున్నపు తొట్టి కనిపించింది. తెల్లటి ఒంటికి తెల్లటి సున్నం, ఇక ఎవరికి తెలుస్తుందనుకుని మూతి ముంచేసింది. ఏమీ ఎరగనట్టు తోకెత్తుకుని కళ్లంలోకి వచ్చింది.

“మూతికి పారాణి పెట్టుకున్నావేం బావా, పెళ్లా?” అంది కుక్క.

పసుపూ సున్నమూ కలిసి పిల్లి మూతి ఎర్రగా మెరిసిపోతోంది. గంప దగ్గర గుడ్డు పెంకు కూడా పసుపుపచ్చగా పడి ఉంది. కుక్క తరిమితే పిల్లి మళ్లీ ఆ కళ్లం గడప తొక్కలేదు.

“నిన్ను అనుమానించాను, ఏమనుకోకన్నా,” అని కుక్కని బతిమాలుకుని, గున్నమ్మ తన మూడు గుడ్ల మీద స్థిమితంగా కూర్చుంది.

నీతి: దొంగని పట్టించేది చేసిన దొంగతనం కన్నా, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి పూసుకున్న పూతే.