బట్టీ కంత మూసిన కోరలయ్య

సున్నపుకొండ అడవిలో కుందేళ్ళు, జింకలు, అడవిపందులు, ముళ్ళపందులు, కొండముచ్చులు కలిసిమెలిసి ఉండేవి. కలిసిమెలిసి అంటే తగాదాలు లేవని అనుకునేరు! పొద్దున పోట్లాడుకున్నా సాయంత్రానికి మళ్ళీ మాట్లాడుకునేవి, అంతే.

ఆ అడవిలో ఒకప్పుడు మనుషులు సున్నం కాల్చేవారు. కొండ తవ్వి రాళ్ళు తెచ్చి, పెద్ద పెద్ద ఇటుక బట్టీల్లో పైనుంచి పోసి, మంట పెట్టేవారు. కాలిన సున్నాన్ని అడుగున ఉన్న కంతలోంచి బయటికి లాగేవారు. తర్వాత ఎందుకో ఆ పని మానేసి వెళ్ళిపోయారు. బట్టీలు మిగిలాయి. పొడుగాటి పొగగొట్టం మిగిలింది. ఎద్దులు తిప్పిన సున్నపు గానుగ, రాళ్ళు మోసిన ఇనుప తొట్టిబళ్ళు, వాటి పట్టాలు కూడా మిగిలాయి.

కొన్నేళ్ళ కిందట ఆ అడవిని పార్కు చేశారు. గేటు పెట్టారు, నడక దారి వేశారు, చెట్లకి ఉయ్యాలలు కట్టారు. ఆదివారం వస్తే జనం పులిహోర డబ్బాలతో దిగిపోయేవారు. పొగగొట్టం ముందు ఫోటోలు దిగేవారు, ఒకటే సందడి. సాయంత్రం గేటు మూశాక పార్కు అంతా జంతువులదే. కొండముచ్చులు ఉయ్యాలలెక్కేవి. ఉడుతలు గానుగ చుట్టూ పరుగు పందేలు పెట్టుకునేవి. పట్టాల మీద మిగిలిన ఒక్క తొట్టిబండిలో పిల్ల జంతువులన్నీ ఎక్కి కూర్చుంటే, జింకలు కొమ్ములతో తోసేవి.

జాజి అనే కుందేలుకి మాత్రం ఆ ఆటల కంటే పాత కట్టడాల చుట్టూ తిరగడం ఇష్టం. ఈ గోడ ఎందుకు వంగింది? ఈ ఇనుప కడ్డీ ఎందుకు పెట్టారు? ఈ రాయి ఎందుకింత నున్నగా ఉంది? ఎప్పుడు చూసినా ఇవే ప్రశ్నలు. అందుకే అందరూ దానికి "ఎందుకమ్మ" అని పేరు పెట్టి ఏడిపించేవారు. జాజి నవ్వి ఊరుకునేది. దాని సరదా దానిది.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. తొలకరికి ముందు ప్రతి జంతువూ ఆ పాడుబడ్డ కట్టడాల్లో ఒక చోటు చూసుకుని, పడకకి ఎండుగడ్డి పరుచుకునేది. ఒకసారి గడ్డి పరిస్తే వానాకాలం పోయేదాకా ఆ చోటు వాళ్ళదే. దాని జోలికి ఇంకెవరూ రాకూడదు.

ఆ ఏడు జాజి కడుపుతో ఉంది. వానలు పడేలోపు పిల్లలకి తడవని చోటు దొరకాలి. దానికి రాత్రీ పగలూ అదే ఆలోచన. వెతగ్గా వెతగ్గా పెద్ద బట్టీ నచ్చింది. బట్టీ పైన సగం కప్పు కూలిపోయింది, సగం మిగిలింది. ఆ మిగిలిన కప్పు కింద, గోడలో ఇటుకలు ఊడిపోయి ఒక గూడు ఏర్పడింది. నేలకి ఎత్తుగా, వెచ్చగా ఉంది. లోపలికి రావడానికి అడుగున కంత ఎలాగూ ఉంది, కుందేలుకి సరిగ్గా సరిపోతుంది. జాజి నోటితో గడ్డి మోసి, గూట్లో మెత్తగా పరుచుకుంది. ఆ రోజు దాని ఆనందం అంతా ఇంతా కాదు.

మర్నాడే కోరలయ్య వచ్చాడు.

కోరలయ్య అడవిపంది. అడవి మొత్తంలో అంత బలం ఇంకెవరికీ లేదు. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు. లోపలికి కూలిపడిన ఇటుకల గుట్ట మీదుగా బట్టీలోకి దిగి, చుట్టూ చూశాడు.

"ఇది నాకు బాగుంటుంది. నువ్వు ఖాళీ చెయ్యి" అన్నాడు.

"నేను గడ్డి పరుచుకున్నాను కదా మామా?" అంది జాజి.

"పరిస్తే ఏమయింది? తీసి ఇంకోచోట పరుచుకో. ఇంత పెద్ద ఇల్లు గుప్పెడంత కుందేలుకా? చూసేవాళ్ళు నవ్వరూ?"

కొండముచ్చు తాత పక్క చెట్టు మీంచి "ఇది కట్టుబాటు కాదురా కోరలయ్యా" అన్నాడు. కోరలయ్య కోరలు పైకెత్తి చూశాడు. తాత ఇంకో కొమ్మ మీదికి జరిగాడు. జింకలు ఏమీ విననట్టు మేత మేశాయి. జాజికి ఏడుపొచ్చింది. నిండు నెలలతో ఇప్పుడెక్కడికి పోతుంది?

వెళ్ళేముందు ఒక మాట చెప్పాలనిపించింది దానికి. "మామా, ఆ అడుగున ఉన్న కంత జాగ్రత్త. పైన కప్పు సగమే ఉంది. పడిన వాన పోవడానికి అదొక్కటే దారి. కంత బయట ఇసుక ఎలా మేట వేసిందో చూడు, ఏటేటా నీళ్ళు అటే పోతున్నాయి."

"మొదలుపెట్టిందమ్మా ఎందుకమ్మ!" అన్నాడు కోరలయ్య. అతని వెంట వచ్చిన అడవిపందులు పకపకా నవ్వాయి.

కోరలయ్యకి మధ్యాహ్నం కునుకు తీయడం అలవాటు. పడుకోగానే కంతలోంచి గాలి ఈలేస్తూ వచ్చి నేరుగా చెవిలో దూరింది. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. నిద్ర పట్టలేదు. "ఇంత గొప్ప ఇంటికి ఈ బొక్కేమిటి, దరిద్రం!" అని లేచాడు. కొండరాయి ఒకటి దొర్లించి కంతకి అడ్డం పెట్టాడు. సందుల్లో ఇటుక ముక్కలు కూరాడు. పైన బంకమట్టి మెత్తి, మూతితో అదిమాడు. బురద పనిలో అడవిపందిని మించినవాళ్ళు లేరు కదా! చీమ కూడా దూరకుండా మూసేశాడు. ఆ తర్వాత గుర్రుపెట్టి నిద్రపోయాడు.

జాజి దిగులుగా తిరుగుతూ మిట్ట మీదికి వెళ్ళింది. అక్కడ పాత తొట్టిబండి ఒకటి తలకిందులుగా పడి ఉంది. తుప్పు పట్టింది కానీ చిల్లు పడలేదు. జాజి దాని చుట్టూ తిరిగి చూసింది. ఇది ఇన్నేళ్ళు ఇక్కడే ఎందుకుంది? నీళ్ళు దీన్ని కదపలేదన్నమాట. ఒక పక్క సందులోంచి కిందికి దూరి చూస్తే పాత ఆకులు గలగలమన్నాయి. చీమలు గుడ్లు పెట్టుకుని నిశ్చింతగా ఉన్నాయి. జాజికి ప్రాణం లేచివచ్చింది. మళ్ళీ గడ్డి మోసి పరుచుకుంది. నాలుగు రోజులు తిరక్కుండానే అక్కడ చిన్న చిన్న పిల్లల్ని కంది.

ఒక మధ్యాహ్నం మబ్బు ముసురుకొచ్చి, వాన దంచి కొట్టింది. తొట్టి మీద చినుకులు డప్పు వాయించినట్టు మోగాయి. కింద పిల్లలు తల్లి పొట్టకి అతుక్కుని పడుకున్నాయి. ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు. జాజి కళ్ళు మూసుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే కేకలు వినిపించాయి.

"కాపాడండ్రోయ్! మునిగిపోతున్నాను!"

కోరలయ్య గొంతు. కొండ వాలు నీళ్ళు కూడా కూలిన కప్పులోంచి పడి, బట్టీ బావిలా నిండుతోంది. పైకెక్కుదామంటే ఇటుకల గుట్ట కాస్తా బురదలో జారిపోతోంది. పాపం, అందులో ఈదుతూ గిరగిరా తిరుగుతున్నాడు.

"బాగా అయింది" అన్నాడు కొండముచ్చు తాత, పొగగొట్టం పక్కన తడుస్తూనే. "గడ్డి పరిచిన ఇల్లు లాక్కున్నాడుగా!"

జాజికీ కోపం లేకపోలేదు. కానీ ఆ కేక వింటూ పిల్లల్ని జోకొట్టడం దానివల్ల కాలేదు. గడ్డి కప్పి పిల్లల్ని పడుకోబెట్టి, వానలోకి దూకింది. బట్టీ నిండిందంటే కంత మూసుకుపోయినట్టేనని దానికి తట్టింది. దారిలో ముళ్ళపందిని పిలిచింది.

"ముళ్ళక్కా, తవ్వాలి. నీ గోళ్ళు కావాలి!"

ఇద్దరూ కంత దగ్గరికి పరుగెత్తారు. ముళ్ళక్క నేరుగా కంత ఎదురుగా కూర్చుంది. జాజి దాన్ని పక్కకి లాగింది. "అక్కడొద్దక్కా! రాయి కదిలిందంటే నీళ్ళు నిన్ను లోయదాకా ఈడ్చుకుపోతాయి. ఇలా పక్కనుంచి తవ్వు."

ముళ్ళక్క మట్టి తవ్వింది. జాజి వెనక్కి తోసింది. గోడ వెనక కోరలయ్య కేకలు సన్నగిల్లుతున్నాయి. ఇంకాస్త తవ్వగానే రాయి కింద మట్టి కరిగి, ఒక సన్నటి ధార చిమ్మింది. తర్వాత రాయి ఒరిగింది. ఎర్రటి నీళ్ళు భళ్ళున బయటికి దూకి, లోయలోకి పారిపోయాయి.

లోపల నీళ్ళు కోరలయ్య గడ్డం దగ్గర్నుంచి పొట్టకి, పొట్ట దగ్గర్నుంచి గిట్టలకి దిగాయి. అతను బురదలో కూలబడి దగ్గాడు.

ప్రాణం దక్కింది. బయటికి రావడం మాత్రం కుదరలేదు. ఎక్కడానికి గుట్ట లేదు, దూరడానికి కంత చాలదు. పైగా తెల్లవారితే ఆదివారం! జనం వచ్చారు. "అదుగో, బట్టీలో పంది!" అంటూ పిల్లలంతా అంచు చుట్టూ మూగారు. ఒకడు దోసకాయ తొక్కలు వేశాడు. ఒకమ్మాయి పులిహోర ముద్ద విసిరింది. అది వెళ్ళి సరిగ్గా కోరలయ్య నెత్తిన పడింది. తన ఇంటి గొప్ప అందరూ చూడాలని కోరుకున్నవాడు, ముఖం దాచుకునే చోటు లేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పులిహోర మాత్రం తిన్నాడు. ఆకలి ఎవరినైనా లొంగదీస్తుంది మరి.

చివరికి పార్కు మనుషులు జనాన్ని పంపేసి, ఒక పెద్ద దుంగని లోపలికి ఏటవాలుగా దింపి, దూరంగా వెళ్ళిపోయారు. కోరలయ్య దాని మీదుగా పైకొచ్చాడు.

సాయంత్రం తల వంచుకుని తొట్టిబండి దగ్గరికి వచ్చాడు. ఎండుగడ్డి ఒక మోపు తెచ్చి జాజి ముందు పెట్టాడు.

"నీ ఇల్లు నువ్వు తీసుకో తల్లీ. తప్పు నాదే" అన్నాడు.

"వద్దు మామా. మాకిక్కడ హాయిగా ఉంది" అంది జాజి. అది నిజం. పిల్లలు పొట్టలు నిండి నిద్రపోతున్నాయి.

కోరలయ్య కాసేపు నసిగాడు. "అదీ... పొగగొట్టం వెనక ఒక వసారా ఉంది. అక్కడ పడుకుందామనుకుంటున్నాను. దాని గోడ అడుగున రెండు చిల్లులున్నాయి. అవి ఎందుకున్నాయంటావు?"

జాజి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇన్నేళ్ళలో ఆ మాట తనని ఒక్కరూ అడగలేదు! దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తెలీదు మామా. పద, చూసొద్దాం" అంది. పిల్లల్ని ముళ్ళక్కకి అప్పగించి, కోరలయ్యతో కలిసి వసారా వైపు నడిచింది.

నీతి: ఏదైనా ఎందుకుందో తెలియనప్పుడు దాన్ని చెరపకూడదు, ఎంత బలవంతుడైనా ముందు తెలిసినవారిని అడగాలి.